సంతకం పెట్టని బిల్ రస్సెల్

పోయిన నెల ఒక శనివారం రాత్రి మిత్రుడి ఇంటి బేస్‌మెంట్‌లో పదిమందిమి కూర్చుని ఉన్నాం. భోజనాలయ్యాయి. పిల్లలు పైన గోల చేస్తున్నారు. టీవీలో మా ఊరి బాస్కెట్‌బాల్ జట్టు సెల్టిక్స్ మ్యాచ్ నడుస్తోంది. బోస్టన్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళలో ఇలాంటి రాత్రి ఎక్కడ మొదలైనా చివరికి ఒక వాదన దగ్గరికే వస్తుంది: అందరిలోకీ గొప్ప ఆటగాడు ఎవరు? ఒకరు జోర్డాన్ అన్నారు, ఇంకొకరు లెబ్రాన్ అన్నారు. నేను ఒకప్పటి సెల్టిక్స్ ఆటగాడు బిల్ రస్సెల్ అన్నాను. 13 సీజన్లు ఆడి 11 టైటిళ్ళు గెలిచిన మనిషిని వదిలేసి ఈ మాట ఎలా మాట్లాడతారని అడిగాను.

నా పక్కన కూర్చున్నాయన వయసులో నాకంటే పెద్ద, ఇక్కడికి వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. "ఆట సంగతి సరేనయ్యా. మనిషికి మాత్రం పొగరు. చిన్నపిల్లలు కాగితం పట్టుకుని వస్తే సంతకం కూడా పెట్టేవాడు కాదట. జనం డబ్బు పెట్టి టికెట్లు కొంటేనే కదా ఇంతవాడయింది?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. అభిమానులే దేవుళ్ళని ప్రతి సినిమా ఫంక్షన్‌లోనూ విని పెరిగినవాళ్ళం, ఆ మాట మాకు సహజంగానే తోస్తుంది.

నేను ఆ పూట జవాబు చెప్పలేకపోయాను. చాలా ఏళ్ళు నేనూ అలాగే అనుకున్నాను మరి.

నాకు పదేళ్ళప్పుడు విశాఖలో క్రికెట్ మ్యాచ్ జరిగింది. ఆటగాళ్ళు దిగిన హోటల్ దగ్గరికి నాన్న నన్ను స్కూటర్ మీద తీసుకెళ్ళాడు. నోట్‌బుక్‌లో ఖాళీ పేజీ తెరిచి పట్టుకుని రెండు గంటలు నిలబడ్డాను. నాకు ప్రాణంతో సమానమైన ఆటగాడు బస్సు దిగాడు, నా నోట్‌బుక్ వంక చూశాడు, ఆగకుండా లోపలికి వెళ్ళిపోయాడు. ఇల్లు చేరేదాకా ఏడ్చాను. గోడకు అంటించుకున్న ఆయన బొమ్మలన్నీ పీకేశాను. రస్సెల్ ఆటోగ్రాఫ్‌లు ఇచ్చేవాడు కాదని మొదటిసారి చదివినప్పుడు నా కళ్ళ ముందుకొచ్చింది ఆ హోటల్ గుమ్మమే. ఆ మనిషి మీద నాకు అప్పుడే కొంచెం మనసు విరిగింది.

ఇప్పుడు అలా అనుకోను. ఆటగాడు మనకు బాకీ ఉన్నది ఆట. అది నిజాయితీగా ఆడితే బాకీ తీరినట్టే. దానిపైన మనం అడిగే నవ్వు, సంతకం, కృతజ్ఞత అన్నీ మనిషికీ మనిషికీ మధ్య ఉండేవి. అవి ఇవ్వాలా వద్దా అన్నది ఇచ్చేవాడి ఇష్టం, అడిగేవాడు ఎలా ప్రవర్తించాడన్నది కూడా అందులో లెక్కకొస్తుంది. రస్సెల్ విషయంలో ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. ఎందుకో చెబుతాను.

బంతి ఎటు పోవాలి

ముందు ఆట గురించే మాట్లాడాలి, ఎందుకంటే ఆ మనిషి స్వభావం నాకు మొదట అర్థమైంది అక్కడే.

ప్రత్యర్థి ఎగిరి బంతిని బుట్టలో వేయబోతాడు. బుట్ట దగ్గర కాపు కాసే పొడవాటి ఆటగాడు, అంటే సెంటర్, ఇంకా పైకి ఎగిరి దాన్ని ఒక్క దెబ్బ కొడతాడు. బంతి వెళ్ళి జనంలో పడుతుంది. స్టేడియం ఊగిపోతుంది. ఇవాళ్టి హైలైట్ వీడియోల్లో బ్లాక్ అంటే ఇదే. కానీ బంతి బయటికి పోతే ఏమవుతుంది? మళ్ళీ వాళ్ళ చేతికే ఇస్తారు. రస్సెల్ అలా కొట్టేవాడు కాదు. 6 అడుగుల 10 అంగుళాల మనిషి, మధ్యాహ్నం నిద్రపోతున్న పిల్లవాడి భుజం తట్టినట్టు బంతిని తట్టేవాడు. అది కోర్టు లోపలే ఉండి, వీలైతే తన జట్టువాడి చేతిలో పడేది. మరుక్షణం బాబ్ కూజీ దాన్ని తీసుకుని అవతలి వైపు పరుగెత్తేవాడు. రెండు పాయింట్లు కూజీకో, హైన్‌సన్‌కో, శామ్ జోన్స్‌కో రాసేవారు. ఆ బ్లాకు ఎవరూ రాసేవారు కాదు. ఎన్‌బీఏ, అంటే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్, బ్లాకులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1973-74 సీజన్ నుంచి. రస్సెల్ ఆట మానేసింది 1969లో. అంటే ఆ మనిషి అందరికంటే బాగా చేసిన పని లెక్కల పుస్తకంలో లేనే లేదు.

ఉన్న లెక్కలు చూస్తే సగటున మ్యాచ్‌కు 15.1 పాయింట్లు, 22.5 రీబౌండ్లు (బుట్టలో పడకుండా తిరిగొచ్చిన బంతిని అందుకోవడం). ఫ్రీ త్రోలు, అంటే ఫౌల్‌కు ఇచ్చే ఉచిత షాట్లు, నూటికి 56 పడేవి. ఈ మొదటి అంకె పట్టుకునే చాలామంది ఆయన్ని కిందికి దించేస్తారు. వాళ్ళకు నేను 1961-62 సీజన్ చూపిస్తాను. ఆ ఏడాది ప్రత్యర్థి జట్టు సెంటర్ విల్ట్ చాంబర్లిన్ మ్యాచ్‌కు 50.4 పాయింట్ల సగటుతో ఆడాడు, ఒక మ్యాచ్‌లో 100 కొట్టాడు. ఆ సగటు దరిదాపులకు ఇంతవరకూ ఇంకెవరూ రాలేదు. ఆ ఏడాది ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) మాత్రం రస్సెల్. అప్పట్లో ఎంవీపీకి ఓటేసేది తోటి ఆటగాళ్ళు. పత్రికలవాళ్ళు ఎంపిక చేసిన ఆ ఏటి అత్యుత్తమ జట్టులో చూస్తే మొదటి జట్టు సెంటర్ చాంబర్లిన్, రస్సెల్‌ది రెండో జట్టు. బయటి నుంచి చూసేవాళ్ళు ఒకటి చూశారు, ఎదురుగా నిలబడి దెబ్బలు తిన్నవాళ్ళు ఇంకొకటి చూశారు. ఆ సీజన్ ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో లేకర్స్ మీద రస్సెల్ 30 పాయింట్లు, 40 రీబౌండ్లు చేశాడు. ఓవర్‌టైమ్‌లో బోస్టన్ గెలిచింది. కెరీర్ మొత్తం మీద ఆయన ఇలా సిరీస్ తేల్చే ఏడో మ్యాచ్‌లు పది ఆడాడు, పదీ గెలిచాడు.

అలాంటి మ్యాచ్‌ల ముందు టెన్షన్‌తో ఆయనకు వాంతులయ్యేవి. ఆ చప్పుడు వినిపిస్తే జట్టువాళ్ళకు ధైర్యం వచ్చేదని చెబుతారు. నాకు ఈ సంగతి చాలా ఇష్టం. పొగరున్నవాడికి మ్యాచ్ ముందు కడుపులో తిప్పదు.

నేను పట్టుకున్నది ఇది. చప్పట్లు ఒకవైపు, ఆట ఇంకోవైపు ఉన్న ప్రతిసారీ రస్సెల్ ఆట వైపు వెళ్ళాడు. జనం అడిగింది ఇవ్వకపోవడం ఆయన కోర్టు బయట కొత్తగా నేర్చుకున్న గుణం కాదు. ఆ గుణం వల్లే బోస్టన్‌కు 11 టైటిల్ జెండాలు వచ్చాయి. కోర్టు లోపల దాన్ని మెచ్చుకుని గేటు బయట తిట్టడం ఎలా కుదురుతుంది?

సన్మానం చేసిన ఊరు

రెడింగ్ అనే ఊరు మా ఇంటికి అరగంట దూరం. మంచి బడులున్న ఊరని మనవాళ్ళు ఇళ్ళు వెతుక్కునే ఊళ్ళలో అదొకటి. రస్సెల్ కుటుంబం అక్కడే ఉండేది. నల్లజాతి కుటుంబాలు అక్కడ దాదాపు లేని రోజులవి.

ఆయన కూతురు క్యారెన్ పెద్దయ్యాక చెప్పిన సంగతులు చదివి నేను రెండు రోజులు మామూలుగా ఉండలేకపోయాను. ఊరెళ్ళి తిరిగొచ్చినప్పుడల్లా చెత్త డబ్బాలు బోర్లా పడి ఉండేవట. పోలీసులను అడిగితే రకూన్లు (రాత్రిపూట చెత్త కెలికే జంతువులు) చేస్తున్నాయన్నారట. అయితే తుపాకీ లైసెన్సు ఇప్పించండి అని రస్సెల్ అడిగాడు. ఆ తర్వాత రకూన్లు మళ్ళీ రాలేదు. ఇంకోసారి మూడు రోజులు ఊళ్ళో లేనప్పుడు ఇంట్లో చొరబడ్డారు. గోడల నిండా జాతి పేరుతో బూతులు రాశారు. ట్రోఫీలు పగలగొట్టారు. పక్కల మీద మలవిసర్జన చేశారు. దుప్పటి ఎత్తేదాకా తల్లిదండ్రులకు ఆ సంగతి తెలియదు.

ఈ ఊరే ఆయనకు సన్మానం కూడా చేసింది. విందు పెట్టి, పొగిడి, చప్పట్లు కొట్టింది. ఆయన కదిలిపోయి ఇక జీవితాంతం ఇక్కడే ఉండిపోవాలని ఉందన్నాడట. ఆ తర్వాత ఊళ్ళోనే ఇంకో వీధిలో ఇల్లు కొనబోతే, ఆయన రాకుండా ఆపడానికి ఆ వీధివాళ్ళు సంతకాలు సేకరించారు.

ఆ సంతకాల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆయన్ని సంతకం పెట్టమని అడిగే ఊరు, ఆయన రాకూడదని సంతకాలు పెట్టింది.

ఇది ఒక్క ఊరి సంగతి కాదు. 1961 అక్టోబరులో కెంటకీలోని లెక్సింగ్టన్‌లో ఎగ్జిబిషన్ మ్యాచ్ ఉంది. హోటల్ కాఫీ షాపులో శామ్ జోన్స్‌కు, శాచ్ శాండర్స్‌కు తిండి పెట్టేది లేదన్నారు. రస్సెల్‌తో సహా రెండు జట్ల నల్లజాతి ఆటగాళ్ళూ మ్యాచ్ ఆడకుండా వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళతో మ్యాచ్ జరిగిపోయింది. సెల్టిక్స్ ఆడే బోస్టన్ గార్డెన్‌లో 13,909 సీట్లుండేవి. వరుసగా ఎనిమిదేళ్ళు టైటిల్ గెలుస్తున్న జట్టు ఆడుతుంటే సీట్లు ఖాళీగా ఉండేవి. ఆ భవనంలోనే ఓడిపోతున్న హాకీ జట్టుకు జనం నిండేవారు. "జనం టికెట్లు కొంటేనే కదా" అని ఆ రోజు మా పెద్దాయన అన్నాడు. ఆ జనం ఎంతమంది వచ్చారో కూడా చూడాలి.

ఇంకా ఉంది. ఎఫ్‌బీఐ ఆయన మీద ఒక ఫైలు తెరిచింది. అందులో ఆయన గురించి రాసుకున్న మాట: తెల్లపిల్లలకు ఆటోగ్రాఫ్ ఇవ్వని పొగరుబోతు నీగ్రో. నిజానికి ఆయన ఏ రంగు పిల్లలకూ ఇచ్చేవాడు కాదు. ప్రభుత్వ ఫైల్లో ఉన్న ఆ మాట, అరవై ఏళ్ళ తర్వాత, ఆ ఫైలు పేరు కూడా వినని మన తెలుగు పెద్దమనిషి నోట్లోంచి అచ్చంగా వచ్చింది. పొగరు. మనం ఈ దేశానికి వచ్చాక ఇక్కడి మాటలు ఎక్కణ్ణుంచి ఎలా మనలోకి వస్తాయో చూసి నాకు భయం వేసింది. ఆ పెద్దాయన చెడ్డవాడు కాదు. నా బిడ్డకు జ్వరమొస్తే అర్ధరాత్రి కారు వేసుకుని వచ్చిన మనిషి. అందుకే ఇది రాస్తున్నాను.

సంతకం బదులు రస్సెల్ ఏం చేసేవాడో ఎవరూ చెప్పరు. చెయ్యి కలిపేవాడు. కూర్చుని మాట్లాడదాం అనేవాడు. కాగితం మీద గీత గీసి పంపించడంలో ఇద్దరు మనుషులు కలిసినట్టు ఉండదని ఆయన ఉద్దేశం. చాలామంది కాగితమే కావాలని వెళ్ళిపోయేవారు.

సెల్టిక్స్ కోసం ఆడాను, బోస్టన్ కోసం కాదు అని ఆయన చెప్పేవాడు. ఈ మాట నగరవాసులకు బాధ కలిగించింది. కానీ సెల్టిక్స్ ఆయనకు ఏమిటో తెలిస్తే అర్థమవుతుంది. అమెరికా దక్షిణాదిలో బతికిన వాళ్ళ తాత ఒకసారి మ్యాచ్‌కు వచ్చాడు. ఆట అయ్యాక లాకర్ గదిలోకి వెళ్ళాడు. అక్కడ నల్లవాడు శామ్ జోన్స్, తెల్లవాడు జాన్ హావ్లిచెక్ పక్కపక్కన షవర్ల కింద స్నానం చేస్తూ కబుర్లు చెప్పుకుంటున్నారు. ఒకరి ఒంటి మీది నీళ్ళు ఇంకొకరి మీదికి పోతున్నాయి. ముసలాయన అది చూస్తూ ఏడ్చేశాడు. మనవడు గెలిచిన టైటిళ్ళ కంటే ఆయనకు అదే ఎక్కువ. 1966లో రెడ్ అవర్‌బాక్ తన తర్వాత కోచ్‌గా రస్సెల్‌నే పెట్టాడు. ఎన్‌బీఏలో నల్లజాతి మనిషి హెడ్ కోచ్ కావడం అదే మొదలు. ఆడుతూ, కోచింగ్ చేస్తూ 1968లో, 1969లో మళ్ళీ గెలిచాడు. ఆ జట్టు ఆయనకు ఇల్లు. ఇంటి కోసం ఆడాడు. ఇంటి బయట చెత్తడబ్బా తన్నేవాళ్ళ కోసం ఆడలేదని చెప్పడంలో తప్పేముంది?

నాకింకా తేలనివి

ఇక్కడితో ఆపేస్తే నాకు నేనే అబద్ధం చెప్పుకున్నట్టు అవుతుంది. నన్ను ఇబ్బంది పెట్టే సంగతులున్నాయి.

ఒకటి, ఆ చిన్నపిల్లవాడు. ఇంట్లో చొరబడింది వాడు కాదు. రెడింగ్ చేసిన దానికి వాడి పెన్సిలు ఎందుకు ఎదురుచూడాలి? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆయన వాణ్ణి తిట్టలేదు, చెయ్యి కలిపాడు అని చెప్పగలను. నోట్‌బుక్ పట్టుకుని నిలబడ్డవాణ్ణి కాబట్టి, ఆ వయసులో ఆ తేడా తెలియదని కూడా చెప్పగలను.

రెండోది ఇంకా కష్టం. 1990లలో ఆయన డబ్బు తీసుకుని సంతకాలు పెట్టాడు. ఉచితంగా అడిగితే మనిషికీ మనిషికీ మధ్య అన్న సిద్ధాంతం, డబ్బిస్తే ఏమైంది? కొందరు దీన్ని పట్టుకుని మొత్తం కథ కొట్టేస్తారు. నేను అంతదూరం వెళ్ళను. అది అమ్మకం, అమ్మకమని చెప్పే చేశాడు, ప్రేమ అని చెప్పి చేయలేదు. అయినా ఈ సంగతి తెలిసిన రోజు నాకు మనసు కొంచెం చివుక్కుమంది.

మూడోది విల్ట్ చాంబర్లిన్. ఇద్దరూ మంచి స్నేహితులు. ఫిలడెల్ఫియాలో మ్యాచ్ ఉంటే థ్యాంక్స్‌గివింగ్ భోజనం విల్ట్ ఇంట్లోనే. 1969 ఫైనల్స్ ఏడో మ్యాచ్ చివర్లో విల్ట్ మోకాలి దెబ్బతో బయటికి వెళ్ళాడు. తర్వాత ఆడతానన్నా కోచ్ పంపలేదు. బోస్టన్ 108-106తో గెలిచింది. అది రస్సెల్ చివరి మ్యాచ్. ఆ తర్వాత రస్సెల్, విల్ట్ ఆట వదిలేసి వెళ్ళిపోయాడన్నట్టు బయట మాట్లాడాడు. అది అన్యాయం. ఇద్దరూ ఇరవై ఏళ్ళకు పైగా మాట్లాడుకోలేదు. చివరికి రస్సెలే క్షమాపణ చెప్పాడు, కానీ అన్నేళ్ళు పట్టింది. తన కొలతలు ఆయన ఇతరుల మీద ఎంత కఠినంగా వాడేవాడో దీనివల్ల తెలుస్తుంది. ఆ గట్టిదనం ప్రతిసారీ న్యాయం వైపే ఉందని నేను అనను.

1972లో, గొప్ప ఆటగాళ్ళకు చేసే గౌరవంగా, ఆయన 6వ నంబరు జెర్సీని గార్డెన్ పైకప్పుకు ఎత్తారు. జనాన్ని లోపలికి వదలకముందే, పాత సహచరులు, అవర్‌బాక్ మాత్రమే ఉండగా జరగాలని పట్టుబట్టాడు. ఆ రోజు గేటు బయట నిలబడ్డవాళ్ళలో ఆయన్ని నిజంగా ప్రేమించినవాళ్ళు, ఖాళీ సీట్ల మధ్య కూర్చుని ప్రతి మ్యాచూ చూసినవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ గురించి ఆలోచిస్తే బాధే. కానీ తాళి కట్టేటప్పుడు ఎవరు పక్కన ఉండాలో పెళ్ళికొడుకు చెప్పుకోకూడదా? ఆ జెర్సీ చెమటలో ఎవరి చెమట కలిసిందో వాళ్ళనే పిలిచాడు.

1975లో బాస్కెట్‌బాల్ మహామహుల పేర్లు చేర్చే హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపిక చేస్తే వేడుకకు వెళ్ళలేదు. ఆటగాడిగా అందులోకి వచ్చిన మొదటి నల్లజాతి మనిషి ఆయనే. అప్పుడు అందరూ మళ్ళీ అదే మాట, పొగరు అన్నారు. తనకంటే ముందు ఆ గౌరవం దక్కాల్సినవాళ్ళు ఉన్నారని ఆయన అనుకున్నాడు. 1950లో సెల్టిక్స్ తీసుకున్న చక్ కూపర్ వాళ్ళలో ఒకడు, ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే కార్యక్రమంలో) ఎంపికైన మొదటి నల్లజాతి ఆటగాడు. కూపర్ 1984లో చనిపోయాడు. 2019లో అతన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఆ ఏడాదే, 85 ఏళ్ళ వయసులో, నలుగురి మధ్య చిన్నగా జరిగిన వేడుకలో రస్సెల్ తన ఉంగరం తీసుకున్నాడు. 44 ఏళ్ళు ఆగాడు. పొగరు అనే మాటతో దీన్ని కొలవమనండి చూద్దాం. పొగరు 44 ఏళ్ళు ఇంకొకడి పేరు గుర్తుపెట్టుకోదు.

నగరం కూడా మారింది, ఆయనా మారాడు. 1999లో మళ్ళీ జెర్సీ వేడుక చేశారు, ఈసారి జనం మధ్య. విల్ట్ కూడా వచ్చాడు. జనం లేచి నిలబడి చప్పట్లు ఆపలేదు. రస్సెల్ కంటతడి పెట్టాడు. ఆ ఏడాది అక్టోబరులోనే విల్ట్ పోయాడు. 2022 జులై 31న రస్సెల్ వెళ్ళిపోయాడు, 88 ఏళ్ళకు. ఆయన పోయి నెల తిరక్కముందే 6వ నంబరును మొత్తం ఎన్‌బీఏలో ఇక ఎవరికీ ఇవ్వమని ప్రకటించారు. అంతకుముందు ఏ ఆటగాడికీ అలా చేయలేదు.

రాతి దిమ్మెల మధ్య

ఆ శనివారం రాత్రి ఇంటికి కారు నడుపుకుంటూ వస్తుంటే నాన్న గుర్తొచ్చాడు. రెండేళ్ళ క్రితం వేసవిలో వచ్చినప్పుడు బోస్టన్ సిటీ హాల్ దగ్గరున్న రస్సెల్ విగ్రహం చూపించడానికి తీసుకెళ్ళాను. 2013లో పెట్టారు దాన్ని. చుట్టూ 11 రాతి దిమ్మెలు, టైటిల్‌కు ఒకటి చొప్పున. నాన్నకు బాస్కెట్‌బాల్ తెలియదు. కాలేజీ రోజుల్లో వాలీబాల్ ఆడేవాడు, నెట్ దగ్గర బంతి లేపి ఇచ్చే పని ఆయనది.

విగ్రహం చుట్టూ ఒకసారి తిరిగి, "బుట్టలో వేస్తున్నట్టు కదా పెట్టాలి?" అన్నాడు. మళ్ళీ చేతుల వంక చూసి, "కాదులే. పక్కవాడికి ఇస్తున్నాడు" అన్నాడు. నాకు చాలా సంతోషమేసింది. అక్కడే ఒక దిమ్మె మీద కూర్చుని రస్సెల్ కథంతా చెప్పాను. ఆటోగ్రాఫ్ సంగతి వచ్చేసరికి హోటల్ రోజు కూడా వచ్చింది.

"ఆ రోజు మనవాళ్ళు ఓడిపోయి వచ్చారురా" అన్నాడు నాన్న. "ఆ అబ్బాయి సున్నాకి అవుటయ్యాడు. పొద్దున రేడియోలో మనిద్దరం విన్నాంగా."

నాకు నోట్‌బుక్ అట్ట రంగు గుర్తుంది, నీలం. బస్సు మెట్లు గుర్తున్నాయి. గేటు దగ్గర ఎవరో అమ్ముతున్న వేరుశెనక్కాయల వాసన కూడా గుర్తుంది. ఆయన సున్నాకి అవుటయిన సంగతి మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.